దృష్టి భోజనం

పట్టాభిరామయ్యకంటే ముందు ఆయన బొజ్జ సినిమాల్లోకి వచ్చింది. నరసాపురం నుంచి దిగిన కొత్తలో ఏ డైరెక్టరూ ఆయన మొహం వైపు చూడలేదు, బొజ్జ చూసి వేషం ఇచ్చారు. అప్పట్నుంచి పాతికేళ్ళుగా దానిమీద హీరోలు గుద్దారు, పిల్లలు జారుడుబండ ఆడారు, విలన్లు టమాటాలు విసిరారు. ఆయనకి మాటలు తక్కువ. "అమ్మో!", "చచ్చాన్రోయ్!", మరీ పెద్ద వేషమైతే "ఒరేయ్, నా ఇడ్లీ!" ఫిల్మ్‌నగర్‌లో ఫ్లాటూ, దాని కింద కారూ ఆ బొజ్జ పెట్టిన భిక్షే గనక ఆయనకి దానిమీద కోపం లేదు. కాకపోతే మనసులో ఒక కోరిక ముల్లులా ఉండిపోయింది. చచ్చేలోగా ఒక్క ఏడుపు సీను చెయ్యాలి. తను ఏడిస్తే హాలంతా ఏడవాలి. ఈ సంగతి ఎవరికి చెప్పినా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు, అందుకని చెప్పడం మానేశాడు.

అలాంటి బొజ్జ ఆ వేసవిలో ఉన్నట్టుండి తగ్గడం మొదలుపెట్టింది.

మొదట కనిపెట్టింది కాస్ట్యూమర్ ఆంజనేయులు. యూసుఫ్‌గూడ మనిషి, ఏళ్ళ తరబడి ఆయన చొక్కాలకి గుడ్డ కొనికొని విసిగిపోయినవాడు.

"ఏంది సార్, గిట్ల తగ్గుతున్నరు? మొన్న కుట్టిన చొక్కా ఇయ్యాల చూస్తే డేరా లెక్క ఉన్నది. నాకేమో ఫికర్ అయితుంది."

"ఎండలయ్యా," అన్నాడు పట్టాభిరామయ్య.

ఇంట్లో భార్య నాగేశ్వరికీ అదే మాట చెప్పాడు. ఆవిడ వింటుందా? "ఎండకి వడియాలు కుంచించుకుపోతాయిగానీ మనుషులు పోతారా అండీ? పద్దాకా చెమటలు. ఏసీ గడ్డకట్టించేసి నన్ను మే నెల్లో శాలువా కప్పుకోమంటున్నారు. కాఫీ కప్పు పట్టుకుంటే సగం సాసర్లోనే. డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి."

పోనీ తిండి తగ్గించాడా అంటే అదీ లేదు. పొద్దున్నే పెసరట్టు ఉప్మా తిని, కారు ఎక్కేలోగా మళ్ళీ ఆకలేసి, లిఫ్టులోనే అరటిపండు ఒలుచుకునేవాడు. తిన్నది తిన్నట్టు ఎక్కడికి పోతోందో అంతుబట్టేది కాదు. లోపల గుండె మాత్రం కూర్చున్నా పడుకున్నా పరిగెత్తుతూనే ఉండేది. ఆయనకి భయం వేసింది, చాలా భయం వేసింది. కానీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఏదో ఉందంటాడు, వెళ్ళకపోతే ఏమీ లేనట్టే కదా అని ఒక లెక్క వేసుకున్నాడు. ఈ లెక్క మనలో వేసుకోనివాడు ఎవడు గనక.

మామూలు ఊళ్ళో అయితే పక్కింటివాళ్ళో, పాలవాడో "ఏంటండీ అలా చిక్కిపోయారు" అని అడిగి, భయపెట్టి, ఆస్పత్రికి తోలేవాళ్ళు. కానీ ఇది ఫిల్మ్‌నగర్. ఇక్కడ మనిషి సన్నబడితే జబ్బు చేసిందని ఎవడూ అనుకోడు, పెద్ద సినిమా తగిలిందనుకుంటాడు. "రహస్యంగా ట్రాన్స్‌ఫర్మేషన్ చేస్తున్నారటగా" అని ఒకడు చెయ్యి పట్టుకుని ఊపాడు. "ట్రైనర్ ఎవరు సార్?" అని ఇంకొకడు చెవిలో అడిగాడు. ఎదురింటి నిర్మాత, పాతికేళ్ళలో ఒక్కసారి కూడా పలకరించనివాడు, బాల్కనీలోంచి నమస్కారం పెట్టాడు. పట్టాభిరామయ్య కళ్ళు ఆ మధ్య ముందుకి పొడుచుకొచ్చి, రెప్పలు సరిగా మూతపడకుండా ఉన్నాయి. ఆ కళ్ళతోనే ప్రతినమస్కారం చేశాడు.

ఆ కళ్ళే మౌళిని పట్టేశాయి. మౌళి కుర్ర డైరెక్టరు, ఒక్క హిట్టు కొట్టినవాడు. జూబ్లీహిల్స్‌లో ఆఫీసుకి పిలిపించి, టీ ఇచ్చి, ఆయన కప్పు అందుకునేటప్పుడు చెయ్యి గడగడ వణకడం చూసి లేచి నిలబడ్డాడు.

"సార్! ఈ వణుకు! ఇంత సటిల్‌గా, ఇంత నేచురల్‌గా... ఎక్కడ ప్రాక్టీస్ చేశారు సార్? ఆ కళ్ళలో పెయిన్ ఏంటి సార్! నా సినిమాలో ఫాదర్ మీరే. చనిపోతున్న బడిపంతులు. కూతురికి ఆఖరిసారి అన్నం ముద్ద పెడతాడు. థియేటర్ మొత్తం ఏడుస్తుంది సార్."

ఏడుస్తుంది అన్న మాట విన్నాక మనిషి మనిషిలో లేడు. 'బాబూ, ఇది ప్రాక్టీసు కాదు, నా చెయ్యి నా మాట వినడం లేదు' అన్న నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని టీతో పాటు మింగేసి, "పరిశీలనయ్యా" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. వేషం ఖాయమైందని తెలియగానే ఒక యూట్యూబ్ చానెల్ వాళ్ళు మైకు పట్టుకుని ఇంటికొచ్చారు. యాంకరమ్మ అడిగే మొదటి ప్రశ్న ఏమిటో వేరే చెప్పాలా?

"సార్, మీ డైట్ సీక్రెట్ ఏంటి?"

పట్టాభిరామయ్య అప్పుడే ఆరు ఇడ్లీలు లాగించి, మూతి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. తెలీదు అంటే పరువు పోతుంది. ఆయన నోట్లోంచి ఆయనకే తెలియకుండా ఒక శాస్త్రం పుట్టుకొచ్చింది.

"దృష్టి భోజనం అమ్మా. మన పెద్దలది. అన్నం ముందు పెట్టుకోవాలి, నోటితో కాదు, కళ్ళతో తినాలి. తదేకంగా చూస్తే సారమంతా చూపులోంచే లోపలికి పోతుంది. పొట్ట నిండుతుంది."

"వావ్! అందుకేనా సార్ మీ కళ్ళు అంత పెద్దవయ్యాయి?"

"మరి? తినే అవయవం పెరగదూ?"

నాగేశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటోంది. ఆవిడ చేతిలో రెండో వాయి ఇడ్లీల పళ్ళెం ఉంది.

తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు, ఆ వీడియో ఫిల్మ్‌నగర్ అంతటినీ పట్టుకుంది. హోటళ్ళలో జనం బిర్యానీ తెప్పించుకుని గుడ్లప్పగించి కూర్చునేవాళ్ళు. "సార్, చూసుడు అయిపోయిందా, తీసెయ్యాల్నా?" అని సర్వర్లు అడిగేవాళ్ళు. జిమ్ముల్లో ఆవకాయ అన్నం ఫొటోలు అంటించారు. నాలుగురోజులు పోతే ఎలాగూ మానేసేవాళ్ళే, వాళ్ళ గొడవ మనకెందుకు. అసలు తిప్పలు ఆ శాస్త్రం కనిపెట్టిన మహానుభావుడివి.

ఇప్పుడాయన పదిమందిలో తినకూడదు! షూటింగులో లంచ్ గంట కొట్టగానే యూనిట్ అంతా చుట్టూ చేరేది. ముద్దపప్పు, నెయ్యి, గుత్తివంకాయ కూర విస్తట్లో పెట్టుకుని ఆయన వాటిని చూడాలి, చూస్తూ ఉండాలి, చూసి "అబ్బ, నిండిపోయింది" అని లేవాలి. లోపల ఆకలి పొయ్యిలా మండుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "ఎంత తృప్తో చూడండి" అని పక్కవాళ్ళు మురిసిపోయేవాళ్ళు. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా నడుచుకుంటూ వెళ్ళి, ఆంజనేయులు కాస్ట్యూమ్ వ్యానులో దూరి, వేలాడే బట్టల వెనక నక్కి, నాగేశ్వరి రహస్యంగా పంపిన కారియర్ విప్పేవాడు.

ఒకరోజు పోలీసు యూనిఫారాల వెనక్కి దూరేసరికి అక్కడ అప్పటికే ఎవరో ఉన్నారు. మహతి. ఆ సినిమాలో ఆయన కూతురు వేషం వేస్తున్న అమ్మాయి. మోతీనగర్‌లో ఒక గుడి అర్చకుడి బిడ్డ. వాళ్ళమ్మ కట్టి ఇచ్చిన డబ్బా తెరిచి, అందులో పులిహోరని ఒక పాత సంచిలోకి వంచబోతోంది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆయన చేతిలో నిండు కారియరు, ఆమె చేతిలో నిండు డబ్బా.

"అంకుల్, మీరు... తింటున్నారా?"

"నేనా? అబ్బే. చూద్దామని తెచ్చుకున్నా," అన్నాడు, బుగ్గలో గారె పెట్టుకుని. "మరి నువ్వు?"

"నేను మీ శిష్యురాల్ని అంకుల్. కళ్ళతో తినేశా. మిగిలింది పారేస్తున్నా. ఇంటికి తీసుకెళ్తే అమ్మ ఏడుస్తుంది."

"పులిహోర పారేస్తావా! ప్రసాదం కాదుటమ్మా అది?" అని డబ్బా లాక్కున్నాడు. "నేను... చూసిపెడతాలే."

అలా కుదిరింది వాళ్ళ ఒప్పందం. రోజూ మధ్యాహ్నం యూనిఫారాల వెనక ఆ అమ్మాయి డబ్బా ఇచ్చేది, ఈయన ఖాళీ చేసి ఇచ్చేవాడు. వాళ్ళమ్మకి ఖాళీ డబ్బా, ఈయనకి నిండు కడుపు. అందరికీ బాగుంది అనుకున్నాడు. తన మొదటి సినిమా పోస్టరు నెట్‌లో పెడితే దాని కింద ఎవడో "హీరోయినా, బూరెల బుట్టా?" అని రాశాడనీ, ఆ మాట అద్దం చూసినప్పుడల్లా వినబడుతుందనీ ఆమె ఒకసారి చెప్పింది. "వాడి మొహం, బూరెలంటే తెలుసా వాడికి?" అని ఆయన దద్దోజనం కలుపుకున్నాడు. ఎండాకాలంలో ఆ పిల్ల రెండు చొక్కాలు తొడుక్కుని చలి అనడం చూశాడు. దువ్వెన నిండా జుట్టు రావడం చూశాడు. ఏదో మనసులో కలుక్కుమనేది. నిజం చెప్పాలంటే ఆ కలుక్కు కంటే దద్దోజనం బాగుండేది. పైగా నిజం బయటపడితే దృష్టి భోజనం అబద్ధమవుతుంది, వణుకు జబ్బు అవుతుంది, వేషం గంగలో కలుస్తుంది.

అన్నం ముద్ద సీను రానే వచ్చింది. జూబ్లీహిల్స్‌లో అద్దెకి తీసుకున్న బంగళా, లోపల పెంకుటింటి సెట్టు. తండ్రి మంచం మీద కూర్చుని వణికే చేత్తో కూతురికి పెరుగన్నం ముద్ద పెట్టాలి. సినిమాల్లో తినే సీను అంటే పక్కన ఒక బకెట్టు పెడతారు. ఎన్ని టేకులైతే అన్ని ముద్దలు ఎవరు మింగగలరు గనక, కట్ అనగానే అందులో ఉమ్మేస్తారు. మహతీ అలాగే ఉమ్ముతోంది. తినడం లేదని ఎవరికీ అనుమానం రాలేదు, రావడానికి వీల్లేని పద్ధతి అది.

"వన్ మోర్!" అంటున్నాడు మౌళి. "సార్, వణుకు సూపర్! మహతీ, కళ్ళలో ఇంకొంచెం ప్రేమ!"

మళ్ళీ ముద్ద ఎత్తాడు పట్టాభిరామయ్య. ముద్ద ఆమె నోటిదాకా వెళ్ళేలోపల ఆ కళ్ళు పైకి తేలిపోయాయి. మనిషి అలాగే ఒరిగిపోయింది. ఆయన లేచి పట్టుకున్నాడు. పట్టుకుంటే చేతుల్లో మనిషి ఉన్నట్టే లేదు, ఆరేసిన చీర పడ్డట్టుంది. ఇంతేనా ఈ పిల్ల, అనుకునేలోగా ఆయన తొడలు కూడా జావగారిపోయి, ఇద్దరూ కలిసి నేల మీద కూలబడ్డారు.

"కెమెరా ఆపకండి!" గుసగుసగా అన్నాడు మౌళి. "ఇంప్రొవైజ్ చేస్తున్నారు! రోల్ అవనీ!"

"అమ్మా, మహతీ! లేమ్మా!" ఆయనకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె చెయ్యి మంచుగడ్డలా ఉంది. "నేను పాపిష్టి వెధవనమ్మా! దృష్టి భోజనం లేదు, నా శ్రాద్ధం లేదు! అంతా అబద్ధం! మూడు కారియర్లు తింటున్నాను, నీ డబ్బా కూడా నేనే తినేశాను! నాకేదో రోగం వచ్చింది, అదేమిటో తెలీదు, చచ్చిపోతానేమోనని భయంగా ఉంది! ఒక్క వేషం కోసం నోరు మూసుకున్నాను! నీ నోటికాడ కూడు తిన్నానే తల్లీ!"

అసిస్టెంట్లు వెక్కివెక్కి ఏడుస్తున్నారు. కెమెరామన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఎవడో చప్పట్లు మొదలుపెట్టాడు, అందరూ అందుకున్నారు.

"చప్పట్లు ఏంట్రా దరిద్రుల్లారా! ఇది డైలాగు కాదు! నీళ్ళు తెండి! కట్! కట్! కట్!"

పాతికేళ్ళలో ఒక నటుడు డైరెక్టరు బదులు కట్ చెప్పడం ఎవరూ వినలేదు. ముందుగా ఆంజనేయులు కదిలాడు. "అరె, పొల్లకు నిజంగనే పానం బాగలేదు! బండి తియ్యుండ్రి!"

ఆస్పత్రిలో డాక్టర్ శారదాదేవి ఇద్దరినీ ఎదురెదురు మంచాల మీద పడుకోబెట్టి, ఇద్దరికీ రక్తం తీయించింది. మహతికి సెలైన్ ఎక్కుతోంది. కబురందుకుని నాగేశ్వరీ, మహతి తల్లి సత్యలక్ష్మీ ఒకేసారి వచ్చారు. నాగేశ్వరి మొగుణ్ణి చూసి ఏడవాలో తిట్టాలో తేలక రెండూ చేసింది.

పరీక్షల కాగితాలు వచ్చాక డాక్టరమ్మ పట్టాభిరామయ్య గొంతు తడిమి చూసి అంది. "మీ థైరాయిడ్ ఓవరాక్షన్ చేస్తోందండీ. తిన్నదంతా అది మండించేస్తోంది. ఆకలి, చెమట, వణుకు, గుండెదడ, ఆ కళ్ళు, అన్నీ దాని పనే. ఊరికే బరువు తగ్గడం అంటూ ఉండదు. షుగరో, టీబీయో, పేగుల్లో తేడాయో, మనోవ్యాధో, క్యాన్సరో, ఏదో ఒకటి లోపల్నుంచి కబురు పెడుతుంది. ఆ కబురు విని రావాలిగానీ ఇంటర్వ్యూలిస్తారా?"

"మందులు వేసుకుంటే వణుకు పోతుందా అమ్మా?"

"ముందు పోయేది అదే. బరువు కూడా మెల్లిగా వచ్చేస్తుంది."

పట్టాభిరామయ్య ఒక్క నిట్టూర్పు విడిచి మాత్రలకి చెయ్యి చాపాడు.

మహతి దగ్గర డాక్టరమ్మ గొంతు మారింది. సత్యలక్ష్మి "దీనికి పొగరండీ, ఎంత బతిమాలినా తినదు" అని చెంగు నోట్లో కుక్కుకుంటే, "పొగరు కాదమ్మా, ఇదీ జబ్బే," అంది. "కడుపులో కాదు, ఆలోచనలో. ఆయనకి తింటే ఒంటబట్టదు, ఈ అమ్మాయికి తినాలంటే భయం. రెంటికీ వైద్యం ఉంది. దీనికి కాస్త ఎక్కువకాలం పడుతుంది, తిట్టకుండా ఉండాలి. అంతే."

మర్నాడు మౌళి ఆస్పత్రికి పళ్ళబుట్టతో వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి ఫోను తీశాడు.

"సార్, సారీ. నిజంగా సారీ. కానీ ఒక్కసారి ఇది చూడండి."

చిన్న తెర మీద పట్టాభిరామయ్య తనని తాను చూసుకున్నాడు. నేల మీద కూలబడి, ఒళ్ళో పిల్లని పెట్టుకుని, గుండె పగిలేలా ఏడుస్తున్న ముసలి తండ్రి. ఎవరి బొజ్జా కనబడలేదు. ఒక మనిషి కనబడ్డాడు. పాతికేళ్ళుగా తను కలగన్న ఏడుపు అది, కలలో కంటే బాగుంది.

"మాటలు డబ్బింగులో మార్చేద్దాం సార్. ఇది అవార్డు షాట్. రేపు ఇండస్ట్రీ మీ కాళ్ళ మీద పడుతుంది. మీరు ఊఁ అంటే చాలు, ఆ అమ్మాయిని నేను ఒప్పిస్తా."

పట్టాభిరామయ్య ఇంకోసారి చూశాడు. సిగ్గులేదు, మూడోసారి కూడా చూశాడు. మూడోసారి తనని కాకుండా ఆ పిల్ల వేలాడిపోయిన చేతిని చూశాడు. వాళ్ళమ్మ టిక్కెట్టు కొనుక్కుని హాల్లో కూర్చుని ఇది చూడాలి. పోస్టరు కింద రాసే వెధవలు దీని కింద కూడా రాస్తారు.

"తీసెయ్," అన్నాడు.

"సార్, ఒక్కసారి ఆలోచించండి! మళ్ళీ ఇలా రాదు."

"రాదని నాకూ తెలుసు. నా ఎదురుగా తీసెయ్. అసలుది ఎక్కడుందో అది కూడా. లేకపోతే నీ సినిమా చెయ్యను."

మౌళి తీసేశాడు. ఆయన అటు తిరిగి పడుకుని కాసేపు ఏడ్చాడు. ఆ ఏడుపు ఎవరూ చూడలేదు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. ఆయన అదే యూట్యూబ్ చానెల్లో కూర్చుని, అంతా కట్టుకథ, నాది జబ్బు, సన్నబడితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి అని చెప్పాడు. "ఎంత వినయం సార్ మీది!" అంది యాంకరమ్మ. వణుకు పోయింది, బొజ్జ తిరిగి తొంగిచూసింది. చావబోయే మనిషి సీను సీనుకీ లావెక్కుతుంటే ఎలా సార్ అని మౌళి నెత్తి కొట్టుకుని, చివరికి వేరే దారి లేక కథే మార్చేశాడు. బడిపంతులు బతికాడు. ఏడుపు సీను ఇక అవసరం లేకపోయింది.

మహతి షూటింగుకి మళ్ళీ వచ్చేసరికి వానాకాలం వచ్చేసింది. కౌన్సెలింగుకి వెళ్తోంది. కొంచెం కొంచెం తినాలనీ, తినేటప్పుడు పక్కన ఎవరో ఒకరు తోడు ఉండాలనీ చెప్పారట. ఎవరు కావాలమ్మా అంటే ఆ పిల్ల ఈయన పేరు చెప్పింది. డాక్టరమ్మ ఆయనకి ఫోనులో జాగ్రత్తలు చెప్పింది. ఆమె వైపు చూడకూడదు. తిను అనకూడదు, తింటే మెచ్చుకోకూడదు. ముఖ్యంగా తిండి గురించి మాట్లాడకూడదు.

ఇదెక్కడి శిక్ష? పట్టాభిరామయ్య పుట్టి బుద్ధెరిగి తిండి కాకుండా ఇంకో విషయం మాట్లాడి ఉంటే కదా!

లంచ్‌లో ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. మహతి డబ్బా మూత తీసింది. తీసి అలాగే కూర్చుంది. ఆయన గోడ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ఏం జరిగిందో తెలుసా? ఒక ఆటో వెళ్తోంది. దాన్నిండా అరటిగెల... కాదు, పరుపులు. పరుపులమ్మా. వెనకాల ఒక లారీ, పెరుగు డబ్... సిమెంటు లారీ."

వెనక చిన్న నవ్వు వినిపించింది. ఆయన తిరగలేదు.

"ఆ పరుపు ఒకటి జారి రోడ్డు మీద పడింది. అట్టులా పరుచుకుంది. అంటే... దుప్పటిలా పరుచుకుంది. ఇంతలో ఒక ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చాడు. ఆయన పేరు... ఏదో ఉంది."

అంతకు మించి ఏమీ తోచలేదు. నిజానికి ఆయన ఆ పొద్దున షేక్‌పేట వైపే వెళ్ళలేదు. ఈ జన్మలో ఏ డైలాగుకీ ఇంత భయపడలేదు.

వెనకనుంచి చెంచా డబ్బాకి తగిలిన చప్పుడు. ఆ తర్వాత నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్న గొంతు.

"ఊఁ... తర్వాత ఏమైంది అంకుల్?"

పట్టాభిరామయ్య కళ్ళొత్తుకున్నాడు. గోడ వైపు చూస్తూనే ఆ కానిస్టేబుల్ని పరుపు మీద కూర్చోబెట్టాడు, లారీవాడితో తగువు పెట్టించాడు, ఆటోని మళ్ళీ స్టార్ట్ చేయించి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా గచ్చిబౌలి దాకా నడిపించాడు.